మూడు చొక్కాలు, పదకొండు కోతలు

స్కూలు బ్యాగు భుజాన తగిలించుకుని గడప దాటే పిల్లను మనం రోజూ చూస్తూనే ఉంటాం. చొక్కా ఇస్త్రీ అయిందా, జడ సరిగ్గా ఉందా, నీళ్ళసీసా పెట్టుకుందా అని చూస్తాం. మొహం ఎలా ఉందో చూసేంత తీరిక పొద్దున్నపూట ఎవరికుంటుంది? ఈ కథలోని తండ్రికీ లేకపోయింది. అలాగని పిల్లను గాలికొదిలేసిన మనిషేం కాదతను. పట్టించుకోవలసిన ఒక్క చోట తప్ప మిగతా అన్నిచోట్లా పట్టించుకున్నాడు. మనలో చాలామందిమి అంతే కాబట్టి, అతని మీద విరుచుకుపడే ముందు కథ వినండి.

అతను రఫూ మేస్త్రీ. చిరిగిన బట్టకు మాసిక వేయడు. అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, చిరిగినచోట సూదితో ఒక్కొక్క పోగునూ మళ్ళీ నేస్తాడు. పని పూర్తయ్యాక అక్కడ చిరుగు ఉండేదని చెబితే ఎవరూ నమ్మరు. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన బల్ల, బల్లకు బిగించిన దీపం, మెడలో తాడుకు వేలాడే భూతద్దం. గదికి ఆ మూల భార్య మిషను మీద జిప్పులు మారుస్తుంది, గుండీలు కుడుతుంది.

చిరుగు చూసి కారణం చెప్పడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఎలక కొరికిందో, నిప్పురవ్వ పడిందో, తలుపు గడియకు చిక్కిందో ఇట్టే పట్టేస్తాడు. ముళ్ళకంచె తగిలిందంటూ ఒకాయన చొక్కా తెస్తే, "ముళ్ళకంచెకు గోళ్ళుంటాయా అండీ?" అని అడిగాడు. పాపం ఆ పెద్దమనిషి మాట మార్చి, కుట్టించుకుని, మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు. "మనిషి అబద్ధం చెబుతాడు గానీ బట్ట చెప్పదు" అని మేస్త్రీ గొప్పగా అనేవాడు.

అంత తెలిసిన మనిషి సొంత కూతురి చొక్కా దగ్గర బోల్తాపడ్డాడు.

కూతురిది తొమ్మిదో తరగతి. ఆ సోమవారం బడి నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, తెల్లచొక్కా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నాన్నా, మళ్ళీ చిరిగింది."

"బెంచీ మేకేనా?"

"ఊఁ."

"ఆ బెంచీలు చేసిన మహానుభావుడెవరో గానీ నా చేతికి చిక్కాలి" అన్నాడు మేస్త్రీ, దీపం దగ్గరికి లాక్కుంటూ.

"నోటితో తిట్టే బదులు ఒకసారి స్కూలుకెళ్ళి చెప్పకూడదా?" అంది భార్య మిషను ఆపకుండా.

"చెబుతాలే. ఒక్క మేకు కోసం అంత దూరం వెళ్ళాలా?"

చొక్కా వీపున, రెండు భుజాలకూ మధ్య, రెండు అంగుళాల చిరుగు. అంచు నున్నగా, తిన్నగా ఉంది. చూడగానే మేస్త్రీకి కలిగింది అనుమానం కాదు, సంతోషం. అంచు పీచులా లేచిపోతే రఫూకు రెండు గంటలు పడుతుంది. ఇలా నున్నగా ఉంటే ముప్పావుగంటలో అయిపోతుంది. ఈ సంగతి తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతనికి తన మీద తనకే అసహ్యం వేసేది. ఆ రోజు మాత్రం హాయిగా ఈల వేసుకుంటూ కుట్టాడు. దీపాలు పెట్టే వేళకు చొక్కా కొత్తదానిలా కొక్కేనికి వేలాడింది.

"చూడు అమ్మలూ, ఎక్కడ చిరిగిందో చెప్పు చూద్దాం" అన్నాడు.

"కనపడట్లేదు నాన్నా" అంది అమ్మాయి. ఆ మాట ఎంత నీరసంగా అందో అతని చెవికి ఎక్కలేదు.

అమ్మాయికి అప్పటికి రెండు నెలలుగా పొద్దున్నపూట కడుపునొప్పి. ఆదివారాలు ఉండదు, సెలవురోజుల్లో ఉండదు. వీధి చివర క్లినిక్కులో ఉండే డాక్టరమ్మ పరీక్ష చేసి, "పొట్టలో ఏం లేదు. స్కూల్లో ఎలా ఉందో అడిగారా?" అంది. తండ్రి ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూ, "స్కూల్లో ఎలా ఉంది?" అని అడిగాడు. "బాగానే ఉంది" అంది అమ్మాయి. అడగడమూ అయింది, చెప్పడమూ అయింది. పెద్దవాళ్ళం పిల్లలతో చేసే సంభాషణలు చాలావరకు ఇంత సొగసుగానే ఉంటాయి.

మంగళవారం మధ్యాహ్నం డాక్టరమ్మే ఉన్నికోటు పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"మేస్త్రీగారూ, బస్సులో సీటు రేకు తగిలినట్టుంది. ఏమన్నా చేయగలరా?"

మేస్త్రీ భూతద్దం పెట్టి చూసి నవ్వాడు. "రేకు కాదు డాక్టరుగారూ. ఎవడో మీ జేబు కొట్టెయ్యబోయాడు. ఇది బ్లేడు. రేకో మేకో తగిలితే పోగులు సాగి తెగుతాయి, అంచు పీచులా లేస్తుంది. చిరుగు తిన్నగా పోకుండా ఒక మూలకు తిరుగుతుంది కూడా. ఇది చూడండి, గీత గీసినట్టు నున్నగా, తిన్నగా..."

మాట సగంలో ఆగిపోయింది. అతని చేతివేళ్ళకు ఆ అంచు తెలుసు. నిన్న సాయంత్రం తడిమిన అంచు అదే. కిందటి వారం తడిమినదీ అదే.

లేచి కొక్కేనికున్న తెల్లచొక్కా తీశాడు. కోత చూద్దామని వీపు భాగం వెలుతురుకు పెట్టాడు. ఏమీ కనపడలేదు. భూతద్దం పెట్టాడు. అయినా దొరకలేదు. చివరికి కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమితే, పోగులు కాస్త బిగుసుగా ఉన్నచోటు తగిలింది.

"ఎవరిది?" అంది డాక్టరమ్మ.

"మా అమ్మాయిది. మేకు అంటోంది డాక్టరుగారూ. నేను..." వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఇది పదకొండోది. మూడు చొక్కాలకు కలిపి పదకొండు కుట్టాను. ఒక్కటీ మేకు కాదు."

డాక్టరమ్మ కోటు సంగతి మర్చిపోయి కుర్చీలో కూర్చుంది. "ముందు అమ్మాయితో మాట్లాడండి. స్కూలుకు తర్వాత వెళ్ళొచ్చు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. కోపం తలకెక్కిన మేస్త్రీ ఆ మాట చెవిన పెట్టలేదు. బుధవారాలు బడిలో యూనిఫాం ఉండదు. ఆ పొద్దున్న అమ్మాయి రంగుబట్టల్లో వెళ్ళిన గంటకు, మూడు యూనిఫాం చొక్కాలూ సంచిలో పెట్టుకుని స్కూలుకు బయల్దేరాడు.

గేటు దగ్గరే క్లాసు టీచరు ఎదురయ్యాడు. విషయం విని, "పిల్లలన్నాక ఏవో సరదాలుంటాయండీ. మనమూ ఆ వయసు దాటినవాళ్ళమే కదా. గోరంతదాన్ని కొండంత చేయకండి" అన్నాడు.

"సరదాకి మీ చొక్కా కొయ్యమంటారా?" అన్నాడు మేస్త్రీ. టీచరు గంట కొట్టారంటూ లోపలికి నడిచాడు. గంట ఎవరూ కొట్టలేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ గదిలో గోడ నిండా బొమ్మలు. 'అందరితో స్నేహంగా ఉందాం' అని రంగురంగుల అక్షరాలు, పక్కన నవ్వుతున్న సూర్యుడు. మేడమ్ మర్యాదస్తురాలు. కూర్చోమంది, మంచినీళ్ళిప్పించింది, చొక్కాలు తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఎక్కడండీ చిరిగింది? శుభ్రంగా ఉన్నాయే."

"ఇక్కడ మేడమ్. వేలితో తడమండి."

"నాకేం తెలియట్లేదు."

"ఇదిగో, లోపలి మడత చూడండి. రఫూకి ఇక్కడి నుంచే పోగులు తీస్తాను. ఎంత పలచబడిందో చూడండి. ఈ చొక్కాలో ఇక తీయడానికి పోగే లేదు."

మేడమ్ గడియారం వంక చూసింది. "మడత పలచబడిందని నేను పిల్లల మీద చర్య తీసుకోలేను కదండీ. ఏదైనా సాక్ష్యం ఉంటే తీసుకురండి. అసలు మా స్కూల్లో ఇలాంటివి జరగవు. అయినా మీ తృప్తి కోసం కనుక్కుంటాం."

ముప్ఫై ఏళ్ళుగా ఏ పనితనాన్ని చూసుకుని మురిసిపోయాడో, అదే ఆ పూట అతని నోరు నొక్కేసింది. చొక్కాలు సంచిలో కుక్కుకుని బయటికొచ్చాడు.

కనుక్కుంటామన్నారు కదా, కనుక్కున్నారు. ఎలాగో వినండి. క్లాసు టీచరు మూడో పీరియడ్లో అమ్మాయిని లేపి నిలబెట్టి, నలభై మంది ముందు, "ఈ అమ్మాయి చొక్కా ఎవరు కోశారో లేవండి" అన్నాడు. ఎవరూ లేవలేదు. "చూశావా, ఎవరూ లేరు. కూర్చో" అన్నాడు. విచారణ ముగిసింది. ఆ అయిదు నిమిషాల్లో ఆ పిల్లకు ఏమయిందో ఏ రిజిస్టరులోనూ రాయలేదు.

సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి, లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి మిషను ఆపి వెళ్ళి పక్కన కూర్చుంది. తండ్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎందుకెళ్ళావు నాన్నా?"

"నీ చొక్కా ఎవరో కోస్తున్నారని..."

"అది నాకు తెలీదా? నా వెనక బెంచీవాళ్ళే. నలుగురు. పోయినేడు వాళ్ళు నా ఫ్రెండ్సే."

"మరి మేకు అన్నావేమ్మా?" అంది తల్లి.

అమ్మాయి దుప్పటి మెడదాకా లాక్కుంది. తర్వాత గోడకే చెబుతున్నట్టు చెప్పింది. సంవత్సరం మొదట్లో క్లాసులో మీ ఇంట్లో వాళ్ళు ఏం పని చేస్తారో చెప్పమన్నారు. ఆమె లేచి, మా నాన్న రఫూ చేస్తే ఎక్కడ చిరిగిందో ఎవరూ కనిపెట్టలేరు అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాటి నుంచి ఆమె పేరు 'మాసిక' అయింది. ఆ వారమే మొదటి కోత.

"మీ నాన్న అంత గొప్పోడా, చూద్దాం అన్నారు. పొద్దున వెళ్ళగానే నన్ను వెనక్కి తిప్పి, కోసిన చోటు వెతికేవాళ్ళు. దొరక్కపోతే నాన్న గెలిచినట్టు. అప్పుడు మళ్ళీ కోసేవాళ్ళు. ఈసారి ఇంకొంచెం పొడుగు." అమ్మాయి దిండు అంచు వేలికి చుట్టుకుంది. "నువ్వు అంత బాగా కుట్టకుండా ఉంటే ఎప్పుడో మానేసేవాళ్ళు నాన్నా. కానీ నువ్వు ఎక్కడ చిరిగిందో చెప్పు చూద్దాం అని అంత సంతోషంగా అడిగేవాడివి. నీతో ఎలా చెప్పను?"

మేస్త్రీ లోపలికొచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"పొద్దున్నే లేవాలనిపించదు అమ్మా" అంది అమ్మాయి, తల్లి చెయ్యి పట్టుకుని. "అసలు ఎప్పటికీ లేవకపోతే బాగుండుననిపిస్తోంది."

తల్లి ఆ చెయ్యి వదల్లేదు. ఏడవలేదు, కసరలేదు, అలాంటి మాటలనకూడదని నోరు మూయించలేదు. "ఈ మాట నాతో చెప్పావు, మంచి పని చేశావు" అంది. ఆ ఇంట్లో రెండు నెలల్లో ఎవరైనా సరిగ్గా చేసిన మొదటి పని అదే. ఆ సాయంత్రమే ముగ్గురూ క్లినిక్కుకు వెళ్ళారు.

డాక్టరమ్మ అమ్మాయితో ఒంటరిగా గంటసేపు మాట్లాడింది. తర్వాత తల్లిదండ్రులను పిలిచింది.

"ఇది మొండితనం కాదు, చదువు ఎగ్గొట్టే వేషం కాదు. కాలు విరిగితే ఎంత నిజమో ఇదీ అంత నిజం. మనసుకి వైద్యం చేసే డాక్టరు నా స్నేహితురాలు, రేపే చూపిద్దాం. అమ్మాయిని ఒంటరిగా వదలకండి. అన్నిటికంటే ముందు ఆ బెంచీ మారాలి. నేను మందిస్తూ ఉంటే, అక్కడ రోజూ కోస్తూ ఉంటే ఏం లాభం?"

"సాక్ష్యం తెమ్మంటున్నారు డాక్టరుగారూ. సాక్ష్యాన్ని నేనే కుట్టేశాను."

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. అమ్మాయి మెల్లగా అంది: "విప్పొచ్చుగా నాన్నా."

మర్నాడే అమ్మాయిని ఆ స్నేహితురాలికి చూపించారు. ఆదివారం మధ్యాహ్నం, కిటికీ వెలుతురులో, మూడు చొక్కాలూ బల్ల మీద పరిచారు. "నీకు ఇష్టమైతేనే విప్పుదాం, ఇష్టమైతేనే చూపిద్దాం" అన్నాడు మేస్త్రీ. ఈసారి అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాడు. అమ్మాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. సూదిమొనతో అతను పోగు వదులు చేస్తే, ఆమె చిన్న పట్టకారుతో లాగింది. కుట్టడానికి ముప్పావుగంట పట్టినదాన్ని విప్పడానికి గంట పట్టింది. చేసిన పనిని తన చేత్తోనే పాడుచేయడం అతనికి జన్మలో అదే మొదలు.

"ఇది లెక్కల పీరియడ్లో" అంది అమ్మాయి, ఒక కోత తెరుచుకోగానే. కాసేపటికి ఇంకోటి. "ఇది నా పుట్టినరోజున." పొడుగ్గా ఉన్న మరొకటి తెరుచుకున్నప్పుడు, "ఇది నేను ఏడ్చానని" అంది.

మేస్త్రీ భూతద్దం దించి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కోతలన్నిటి మీదా అతను ఈల వేసుకుంటూ కుట్టాడు. పని ఆ ఒక్కరోజులో తెమల్లేదు. అమ్మాయి అలసిపోయినప్పుడల్లా ఆపేశారు. బుధవారానికి పదకొండూ తెరుచుకున్నాయి. క్లినిక్కుకు వెళ్ళిన మర్నాటి నుంచీ ఆమె బడికి వెళ్ళలేదు, బడి నుంచి ఎందుకు రాలేదని అడిగినవారూ లేరు.

గురువారం తల్లీ తండ్రీ డాక్టరమ్మను వెంటబెట్టుకుని స్కూలుకెళ్ళారు. అమ్మాయి రానంది, రావలసిన పనీ లేదు. మేస్త్రీ ప్రిన్సిపాల్ బల్ల మీద ఫైళ్ళు పక్కకు జరిపి చొక్కాలు పరిచాడు. పదకొండు కోతలూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. క్లాసు టీచరును కూడా పిలిపించారు.

"ఇన్నా?" అన్నాడు టీచరు. "మరి ఇంతకాలం అమ్మాయి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాక మీరేం చేశారండీ?" అంది తల్లి. నలుగురిలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "నలభై మందిలో నిలబెట్టారు. ఇక ఎవరు చెబుతారు మీతో?"

మేడమ్ సర్దుకుంది. "చూడండి, నాకు నమ్మకముంది. కానీ ఇవి మీరే ఇంట్లో కోసి తెచ్చారని రేపు ఆ పిల్లల తల్లిదండ్రులంటే?"

మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. మెడలోంచి భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "కోత పక్కన రెండువైపులా చుక్కల్లా కనపడతాయి. అవి నా సూది దూరిన గుర్తులు. ముందు కోత పడింది, తర్వాత నేను కుట్టాను, ఇప్పుడు విప్పాను. నిన్న కోసినదానికి ఆ చుక్కలుండవు. మనిషి అబద్ధం చెబుతాడు మేడమ్, బట్ట చెప్పదు. చూడండి."

ఆమె చూసింది. ఒకటి చూసింది, రెండు చూసింది. అయిదోదాని దగ్గర భూతద్దం దించేసింది. మా స్కూల్లో ఇలాంటివి జరగవని ఈసారి అనలేదు.

"మేడమ్," అన్నాడు మేస్త్రీ, "చిరుగు కనపడకుండా చేయడమే నా పని. ఇంట్లో కూడా అదే చేశాను. పిల్ల ఏమైపోతోందో అడక్కుండా చొక్కా బాగుచేసి పంపాను. ఇక్కడ మీరూ అదే చేస్తున్నారు. గోడకు బొమ్మలంటించి, సరదాలని పేరు పెట్టి, సాక్ష్యం తెమ్మని పంపించి, కనపడకుండా కుట్టేస్తున్నారు. మనం ఎంత బాగా కుడితే వాళ్ళు అంత ధైర్యంగా కోశారు. బట్టకు రఫూ చాలు. పిల్లలకు చాలదు."

మేడమ్ చొక్కాలు మడిచి తన బీరువాలో పెట్టి, ఆ నలుగురూ ఎవరో తల్లిని అడిగి రాసుకుంది.

అంతటితో అంతా బాగుపడిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నలుగురు అమ్మాయిల ఇళ్ళకూ కబురు వెళ్ళింది. ఇద్దరు తల్లులు ఏడ్చారు. ఒక తండ్రి "ఆడపిల్లల ఆటలు" అని కొట్టిపారేశాడు. ఒక ఇంటి నుంచి ఎవరూ రాలేదు. బెంచీలు మారాయి. డాక్టరమ్మ స్నేహితురాలు బుధవారాలు స్కూలుకు వచ్చి, తలుపు వేసి పిల్లలతో మాట్లాడే ఏర్పాటు జరిగింది. బ్లేడు పట్టిన పిల్లతో కూడా మాట్లాడాలి, ఆమె మాత్రం పిల్ల కాదా అంది డాక్టరమ్మ. ఆ మాట మేస్త్రీకి మింగుడుపడలేదు, ఇప్పటికీ పూర్తిగా పడలేదు. గోడ మీద సూర్యుడు మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ మూడు చొక్కాలూ మళ్ళీ వేసుకోనంది అమ్మాయి. వేసుకోమని ఎవరూ అనలేదు. కొత్తవి కుట్టించారు. పాతవి కోతలతోనే ప్రిన్సిపాల్ గది బీరువాలో ఉన్నాయి. రఫూ చేసి ఇస్తానని మేస్త్రీ అడగలేదు.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం అమ్మాయి కొత్తచొక్కా మోచెయ్యి దగ్గర చిరిగి వచ్చింది. మేస్త్రీ చూశాడు. అంచు పీచులా లేచింది, చిరుగు మూలకు తిరిగింది. మేకే, సందేహం లేదు. అలవాటు కొద్దీ చెయ్యి సూది వైపు వెళ్ళింది. మధ్యలోనే ఆగి, దీపం ఆర్పి, కుర్చీ అమ్మాయి వైపు తిప్పుకున్నాడు.

"ఎలా చిరిగిందమ్మా?"

"సైకిల్ స్టాండు దగ్గర మేకుంది నాన్నా. నిజంగానే" అంది అమ్మాయి, నవ్వీ నవ్వనట్టు.

అతను సరేనని ఊరుకోలేదు, లేవనూ లేదు. కాస్త ఆగాక ఆమే మొదలుపెట్టింది. ఇవాళ భోజనం దగ్గర ఎవరూ తన పక్కన కూర్చోలేదట. తర్వాత ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తన డబ్బా తెచ్చుకుని వచ్చి కూర్చుందట. ఆ పిల్లను కూడా ఎవరో ఏడిపిస్తున్నారట, ఎవరితో చెప్పాలో తెలియట్లేదట. ఆ కబుర్లలో గంటన్నర గడిచింది. చొక్కా బల్ల మీదే చిరిగి పడి ఉంది, మర్నాడు వేరేది వేసుకుంది.

అమ్మలారా, అయ్యలారా, పంతులుగారూ, పంతులమ్మగారూ, పిల్ల చిరుగుతో ఇంటికొస్తే సూది వెతక్కండి. చొక్కా రేపైనా కుట్టుకోవచ్చు. ముందు కూర్చోబెట్టి, ఎలా చిరిగిందో అడిగి, పిల్ల చెప్పేదాకా అక్కడే కూర్చోండి.